ఎదురుగా వేసిన పీట

తిరకాసుకి కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ళతో పేచీ లేదు. నాలుగు మాటలు అని, నాలుగు మాటలు పడి, సాయంత్రానికి మామూలైపోతారు. తిరకాసు అలా కాదు, సూదులు తీసి అల్లుకుంటూ కూర్చుంటుంది. తెలియనివాళ్ళు ఆ అల్లడం చూసి, ఎంత నిదానస్తురాలో అని మెచ్చుకుంటారు. తెలిసినవాళ్ళు కుర్చీ కాస్త దూరంగా జరుపుకుంటారు.

తిరకాసు అన్నది వదిన పెట్టిన పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఊలు కొట్టు వెనకగదిలో దాన్ని ఎవరూ వాడగా వినలేదు. కొట్టు ఓనరు తిరకాసు అనే పిలుస్తాడు, బొత్తాలు కుట్టే పిన్నీ అలాగే పిలుస్తుంది. కట్టుకున్నవాడు ఒక్కడే ఆ పేరు వాడడు. ఆయన "ఇదిగో" అంటాడు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆమె సూదులు పట్టిన రోజు దగ్గరికి వెళ్ళాలి. అప్పటికి ఆమెకి పెళ్ళి కాలేదు. అన్నయ్య దగ్గర ఉండేది. అన్నయ్యకి పెళ్ళయి వదిన కాపురానికి వస్తూ వస్తూ ఒక బుట్టెడు ఊలు తెచ్చుకుంది. వచ్చిన మర్నాడే ముందుగదిలో కిటికీ పక్క కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, అల్లడం మొదలుపెట్టింది. చేతులు మాత్రం బంగారం. ఆ మాట తిరకాసు ఇప్పటికీ ఒప్పుకుంటుంది. పళ్ళు నూరుతూ ఒప్పుకుంటుంది, అంతే.

"వదినా, నాకూ నేర్పవా?" అని అడిగింది ఆ రోజుల్లో, ఆశగా.

"నేర్పడానికేముంది, చూసి నేర్చుకో," అని వదిన కాలితో పీటని తన ఎదురుగా తోసింది. పిల్ల ఆ పీట పట్టుకుని పక్కకి చేరబోయింది. "పక్కన కూర్చుంటే వెలుతురుకి అడ్డమొస్తావ్. ఎదురుగా కూర్చో."

ఎదురుగానే కూర్చుంది. వదిన చేతులు చకచకా ఆడుతున్నాయి. "కాస్త నిదానంగా అల్లు వదినా, అందడం లేదు," అంది. "కళ్ళున్నవాళ్ళకి అందుతుంది," అంది వదిన, తల ఎత్తకుండా.

అందింది. కళ్ళున్నాయి, పట్టుదల ఉంది, ఎందుకు అందదు? కాకపోతే ఎలా అందిందో చూడండి. మీ ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి, ఆమె చెయ్యెత్తితే మీరూ అటువైపు చెయ్యే ఎత్తండి. ఆమె కుడి చెయ్యి ఎత్తితే మీది ఎడమ చెయ్యి లేస్తుంది. వదిన కుడిచేతి సూదితో చేసిన పనంతా ఈ పిల్ల ఎడమచేతి సూదితో చేయడం నేర్చుకుంది. వదిన వరస కుడి నుంచి ఎడమకి నడిస్తే ఈమె వరస ఎడమ నుంచి కుడికి నడిచింది. రాత కుడిచేత్తో, తిండి కుడిచేత్తో, చీపురు కుడిచేత్తో. అల్లిక ఒక్కటే అటుదిటు. ఆ సంగతి ఆమెకి తెలియదు. తనకి అలా కుదిరింది కాబోలనుకుంది.

మేజోళ్ళు అల్లినంతకాలం ఏ బాధా లేదు. మఫ్లర్లు, టోపీలు, చంటిపిల్లల గుడ్డలు కూడా బాగానే వచ్చాయి. మేజోడుని అటు నుంచి అల్లినా ఇటు నుంచి అల్లినా మేజోడే. ఆ ధైర్యంతోనే, మంగలాయన్ని పెళ్ళి చేసుకుని వేరు కాపురం పెట్టాక, ఊలు కొట్టు వెనకగదిలో పనికి చేరింది. వదిన అప్పటికే అక్కడ కిటికీ కుర్చీలో ఉంది.

కిటికీ కుర్చీ అంటే ఉత్త కుర్చీ కాదు. ఆ గది పొడుగ్గా, సొరంగంలా ఉంటుంది. గోడల నిండా కప్పు దాకా ఊలు అరలు, మధ్యలో ఇనప పొయ్యి, చుట్టూ అల్లేవాళ్ళు. వీధివైపు ఒకటే కిటికీ. కొత్త డిజైను వస్తే కాగితం చూసి మొదటి స్వెట్టర్ అల్లేది కిటికీ కుర్చీలో ఉన్న మనిషే. తక్కినవాళ్ళు ఆ స్వెట్టర్‌ని తిప్పి తిప్పి చూసుకుంటూ, అనుమానం వస్తే ఆమెనే అడుగుతూ అల్లాలి. ఓనరు కూడా ఆ కుర్చీ దగ్గరికి వస్తే గొంతు తగ్గించి మాట్లాడతాడు. తిరకాసుకి ఆ కుర్చీ కావాలి. ఎందుకు కావాలంటే, కావాలి. కొందరికి మేడ కావాలని ఉంటుంది, ఈమెకి ఆ కుర్చీ.

డిజైను కాగితం అంటే గళ్ళ కాగితం. ఒక్కో గడి ఒక్కో లూపు. నల్లగడి ఒక రంగు, తెల్లగడి ఒక రంగు, గీత గీసిన చోట లూపుల్ని మెలేసి జడ వెయ్యాలి. అడుగున ఒక నియమం అచ్చేసి ఉంటుంది, మొదటి వరస కుడి నుంచి ఎడమకి చదవాలని. తిరకాసు ఆ నియమాన్ని నెత్తిన పెట్టుకుంది. వంటింట్లో పొయ్యి పక్క గోడకి కాగితం అంటించి, గరిటె తిప్పుతూ గడులు వల్లె వేసేది. ఒక్క గడి పొల్లుపోకుండా అల్లేది. అయినా జడ ఎడమకి వాలాల్సింది కుడికి వాలేది. అన్నయ్యకి ముచ్చటపడి అల్లిన స్వెట్టర్‌లో బొత్తాలు ఆడవాళ్ళ వైపుకి వచ్చి కూర్చున్నాయి. పొరుగింటి చంటివాడి పేరు రొమ్ము మీద వచ్చేలా అల్లితే, ఆ పేరు చదవడానికి వాడి తల్లికి తాతలు దిగొచ్చారు.

"దీని చేతిలోనే ఏదో తిరకాసు ఉందమ్మా," అంది వదిన గదిలో అందరికీ వినిపించేలా. అంతా నవ్వారు. పేరు అతుక్కుపోయింది.

తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. తప్పు లేకుండా చేసింది తప్పుగా వస్తుంటే ఏం దిద్దుకుంటుంది మనిషి? విప్పేది, మళ్ళీ అల్లేది. విప్పిన ఊలు ముడతలు ముడతలుగా ఒళ్ళో పడుతుంటే కళ్ళు చెమర్చేవి. నా బుర్రకే ఎక్కదు కాబోలు అనుకునేది. ఊలు ఆవిరికి పట్టి, సాగదీసి, ఉండ చుట్టి మళ్ళీ మొదటి వరస నుంచి ఎత్తుకునేది. వదిన కిటికీ దగ్గర నుంచి చూస్తూ ఉండేది. చూసి, "పాపం" అనేది.

ఇలా సాగుతుండగా పాటల బృందం వాళ్ళ స్వెట్టర్ల పని వచ్చింది. అందరికీ ఒకటే నీలం స్వెట్టర్, రొమ్ము మీద ఒకటే తెల్ల పిట్ట, రెక్కలు చాచి ఎగురుతూ. వేదిక మీద వరసగా నిలబడితే పిట్టలన్నీ ఒకేవైపు ఎగరాలి. వదిన మొదటిది అల్లింది. గదంతా తలా కొన్ని పంచుకున్నారు. తిరకాసు ఊపిరి బిగబట్టి, కాగితం పక్కన పెట్టుకుని అల్లింది, ఒళ్ళో విడిగా చూసుకుంటే పిట్ట బాగానే ఉంది. బృందం వాళ్ళు వచ్చి, కొట్టులోనే తొడుక్కుని వరసగా నిలబడ్డారు. అన్ని పిట్టలూ అటు పోతుంటే తిరకాసు పిట్టలు మాత్రం ఎవరితోనో పోట్లాడి వెనక్కి వచ్చేస్తున్నట్టు ఇటు ఎగురుతున్నాయి.

వాళ్ళు పగలబడి నవ్వారు. ఓనరు నవ్వలేదు. ఆ స్వెట్టర్లన్నీ ఆమె చేతే, అందరి ముందూ కూర్చోబెట్టి, విప్పించాడు. మర్నాటి నుంచి ఆమెని బొత్తాల పిన్ని పక్కన వేశాడు. సూదులు పట్టిన మనిషి బొత్తాలు కుట్టడం అంటే వంటమనిషిని అంట్లు తోమమనడమే. తిరకాసు కూర్చుని కుట్టింది.

అప్పుడు వచ్చింది అద్దం.

ఆమె మొగుడి మంగలి కొట్టు ఆ వీధి మలుపులోనే ఉంది. మధ్యాహ్నం ఆయనకి అన్నం గిన్నె పట్టుకెళ్ళేది. ఒకరోజు గిన్నెకి చుట్టడానికి ఏమీ దొరక్క, ఆ పిట్ట కాగితమే చుట్టింది. దాని మీద కసి కూడా తీరుతుందనుకుంది. ఆయన గిన్నె విప్పి, కాగితాన్ని గళ్ళు అద్దం వైపు తిరిగేలా బల్ల మీద నిలబెట్టాడు, మడత ఉంది కాబట్టి అది అలాగే నిలబడింది. ఒకాయన గడ్డానికి సబ్బు పూయించుకుని కూర్చున్నాడు. ఆమె అలవాటుగా అద్దంలోకి చూసింది. అద్దంలో పిట్ట ఇటు ఎగురుతోంది. తన పిట్ట. గడి గడికీ, రెక్క కొసకి రెక్క కొసా, తను అల్లి విప్పిన పిట్ట.

"ఏమండీ," అంది. "ఏమండీ, నా చేతులు అద్దంలో ఉన్నాయండీ."

"ఏంటి ఇదిగో, ఒంట్లో బాలేదా?" అన్నాడాయన కత్తి పైకి పట్టుకుని.

"నేను తప్పు చెయ్యలేదండీ! కాగితం కుడిచేతి వాళ్ళది! నేను ఆ కొస నుంచి చదవాలి, అంతే! అంతేనండీ!"

సబ్బు పూసిన ఆయన భయపడి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఆ కాగితం లాక్కుని వీధిలోకి పరిగెత్తింది. సంతోషం పట్టలేనప్పుడు మనిషి ఎవరి దగ్గరికి పరిగెడుతుంది? తనకి నేర్పిన మనిషి దగ్గరికే పరిగెత్తింది. ఆ రోజు ఊలు కొట్టుకి సెలవు. వదిన ఇంట్లో వంట చేసుకుంటోంది, అన్నయ్య బయటికెళ్ళాడు.

"వదినా, కనిపెట్టాను! నాది అంతా అద్దంలోలా తిరగబడింది! నీ ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను కదా, అందుకని..."

వదిన గరిటెతో అడుగంటకుండా కలుపుతూనే ఉంది. "ఇప్పటికి తెలిసిందా?" అంది. "నాకు మొదటిరోజే తెలుసు."

తిరకాసు కాగితం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "మరి చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా," అంది వదిన. తర్వాత, మూత పెట్టి, చేతులు తుడుచుకుంటూ, ఆ మాటా అనేసింది. "ఇంట్లో ఇద్దరు అల్లేవాళ్ళుంటే ఇక నా గొప్పేముంది చెప్పు?"

పదహారేళ్ళు. తన బుర్ర మంచిది కాదని తను నమ్మిన పదహారేళ్ళు. విప్పిన ఊలు, పడిన నవ్వులు, కుట్టిన బొత్తాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఒళ్ళు భగ్గుమంది. ఆ పొయ్యి మీది గిన్నె ఎత్తి విసిరేద్దామని చెయ్యి లేచింది కూడా. విసరలేదు. విసిరితే కోపం అక్కడితో చల్లారిపోతుందని ఆమెకి తెలుసు. దాచుకుంది.

మర్నాడు గదిలో అందరికీ చెప్పింది. వదిన కళ్ళు పెద్దవి చేసి, "అయ్యో, నా మీద ఇంత అపవాదా! కూర్చోబెట్టి నేర్పినదానికి ఇదా ఫలం?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు కన్నీటి చుక్కలు కూడా రాల్చింది. ఆ నాలుగు చుక్కలకీ గదంతా అటు ఒరిగిపోయింది. "చేతకానిదానికి నేర్పినవాళ్ళదా తప్పు?" అంది బొత్తాల పిన్ని. ఆ రోజే తిరకాసు ఒకటి నిశ్చయించుకుంది. ఆ వంటింట్లో అన్న మాట ఈ గదిలో, ఇంతమంది ముందు, ఆ నోటితోనే మళ్ళీ అనిపించాలి. అంతకంటే తక్కువకి ఒప్పుకునేది లేదు.

ముందుగా అల్లిక దిద్దుకుంది. మొగుడి చేతి అద్దం అడిగి తెచ్చి, కాగితం పక్కన ఆనించుకుని అద్దంలో చూస్తూ అల్లేది. "సింగారించుకుంటోంది చూడండి," అని నవ్వింది వదిన. తిరకాసు నవ్వనిచ్చింది. కొన్నాళ్ళకి అద్దం అవసరం కూడా పోయింది, అడుగున అచ్చేసిన నియమాన్ని వదిలేసి, కాగితాన్ని రెండో కొస నుంచి చదవడం అలవాటైంది. జడలు చెప్పినట్టు వాలాయి, పిట్టలు చెప్పినవైపు ఎగిరాయి. ఓనరు బొత్తాల దగ్గర నుంచి లేపి మళ్ళీ సూదులిచ్చాడు. అయినా పేరు తిరకాసే, కిటికీ కుర్చీ వదినదే. తిరకాసు అల్లుకుంటూ కనిపెట్టుకుని కూర్చుంది.

కనిపెట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఒక్కోసారి ఏ పుణ్యమో కలిసొస్తుంది. ఒక వాన ఉదయం, కొట్టు వెనక మెట్ల మీద వదిన కాలు జారింది. కుడి చెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి తిన్నగానే ఉంది గానీ, తిరగడం మానేసింది. గ్లాసు ఎత్తగలదు, సూది తిప్పలేదు. "అల్లాలంటే ఎడమచేతికి అలవాటు చేసుకోవడమే," అన్నాడు డాక్టరు.

సంగతి విన్నప్పుడు తిరకాసు ఏమనుకుంది? మనలో మాట, సంతోషించింది. "అయ్యో" అని పైకి అంది, ఇంటికెళ్ళి తలుపు వేసుకుని, కడుపారా నవ్వుకుంది.

ఓనరు తిరకాసుని కిటికీ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు ఆమె వీధి వైపు చూడలేదు, గది వైపే చూసింది. ఓనరు వదినని కూడా వదులుకోలేడు. "ఎడమచేత్తో అల్లేది మన గదిలో నువ్వొక్కదానివే. మీ వదినకి నువ్వే నేర్పాలి," అన్నాడు. "రాకపోతే ముందు కొట్టులో ఊలు తూచుకుంటూ కూర్చుంటుంది, ఏం చేస్తాం."

"నేర్పుతానండి," అంది తిరకాసు. "నేర్పడానికేముంది?"

వదిన వచ్చింది. చెయ్యి పొట్టకి ఆనించుకుని, ఎడమచేత్తో సంచి పట్టుకుని. తిరకాసు అప్పటికే పీట తెప్పించి, తన కుర్చీకి సరిగ్గా ఎదురుగా వేయించింది. వదిన పీట వంక చూసింది, తిరకాసు వంక చూసింది, మళ్ళీ పీట వంక చూసింది. చూపులోనే అర్థమైపోయింది. తెలివైనదే కదా.

"పక్కన కూర్చుంటాలే," అంది మెల్లగా.

"వెలుతురుకి అడ్డమొస్తావ్ వదినా," అంది తిరకాసు, గదంతా వినేలా, నవ్వుతూ. "ఎదురుగా కూర్చో."

అందులో తప్పు పట్టడానికి ఎవరికేముంది? పాపం, మర్యాదగానే చెబుతోంది. ఎదురుగా కూర్చుంటే అంతా తిరగబడుతుందని వదిన అనాలి. అన్న మరుక్షణం బొత్తాల పిన్ని అడుగుతుంది, "నీకెలా తెలుసమ్మా?" అని. అక్కడ దొరికిపోతుంది. అనకపోతే, ఎదురుగా ఉన్న ఎడమచెయ్యి చూసి చూసి తన కుడిచెయ్యే కదులుతుంది. ఆ చెయ్యి కదలదు. వదిన నోరు నొక్కుకుని పీట మీద కూర్చుంది.

ఇక చూడాలి ఆ రోజులు. తిరకాసు ఎడమచేతి సూది ఆడించేది, వదిన కళ్ళు అటు వెళ్ళేవి, చెయ్యి కూడా అలవాటుగా అటువైపుదే లేచేది. అది కుడిచెయ్యి. మణికట్టు కలుక్కుమనేది. మనసులో తిప్పుకుని చూద్దామని ప్రయత్నించేది, నుదురు ముడిచి, పెదాలు కదిపి. ఒక వరస తిప్పుకోగలిగితే రెండో వరసకి లూపులు జారిపోయేవి. ముప్పొద్దులా అల్లిన చేతులకి ఏళ్ళ నాటి అలవాటు మాన్పించడం మాటలా? తిరకాసు ఆ వంకరటింకర ముక్కని అందుకుని, వెలుతురుకి పట్టి చూసి, తిరిగి ఇచ్చేది.

"విప్పు వదినా. మళ్ళీ మొదటి నుంచి."

"కాస్త నిదానంగా అల్లవే," అంది వదిన ఒకరోజు, పళ్ళబిగువున.

"కళ్ళున్నవాళ్ళకి అందుతుంది," అంది తిరకాసు.

ఆ మాట పదహారేళ్ళకి పైగా నోట్లో దాచుకుంది. అన్నప్పుడు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. జాలి వెయ్యలేదా అంటారా? ఒకటి రెండుసార్లు వేసినట్టుంది. వదిన విప్పిన ఊలు ముడతలు పడి ఒళ్ళో రాలుతుంటే, అది తనకి బాగా తెలిసిన రాలడమే కాబట్టి, ఎక్కడో చివుక్కుమంది. వెంటనే నీలం స్వెట్టర్లు గుర్తు తెచ్చుకుని సరిచేసుకుంది.

ఇంట్లో మంగలాయన నాలుగు రోజులు చూశాడు. "మీ అన్నయ్య క్రాఫుకి వచ్చాడు. మీ వదిన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట," అన్నాడు అన్నం తింటూ. "ఇదిగో, ఇక చాల్లే. కుర్చీ వచ్చింది, మంచి పేరు వచ్చింది."

"మీరు గడ్డాల సంగతి చూసుకోండి," అంది తిరకాసు. ఆయన గడ్డాల సంగతే చూసుకున్నాడు. కాకపోతే అంతటితో ఊరుకోలేదని తర్వాత తెలిసింది.

తర్వాతి సోమవారం వదిన ఆలస్యంగా వచ్చింది. చంకలో దుప్పటి చుట్టిన పెద్ద పలక ఒకటి ఉంది. కిటికీ కుర్చీకి ఎదురుగా ఉన్న పీటని ఉన్నచోటే అటు తిప్పింది. తిరకాసుకి వీపు పెట్టి కూర్చుంది. దుప్పటి విప్పి, ఆ పలకని ఎదుట ఊలు అరకి ఆనించింది. అద్దం. ఒక మూల పెచ్చు లేచిన, చెక్క చట్రం అద్దం. తిరకాసు దాన్ని గుర్తుపట్టింది. మొగుడి కొట్టులో పాత అద్దం అది. ఇంటికెళ్ళాక ఆ మనిషి పని చెప్పాలనుకుంది.

గదిలో సూదులన్నీ ఆగిపోయాయి. అద్దంలో తిరకాసు కనిపిస్తోంది, కుర్చీతో, ఒళ్ళో అల్లికతో. అద్దంలో ఆమె ఎడమచెయ్యి వదినకి ఎడమవైపే ఉంది. వదిన సూదులు తీసింది.

"ఇదేంటమ్మా, వీపు పెట్టి కూర్చుని నేర్చుకోవడమేంటి? ఎదురుగా చూస్తే కనబడదా?" అంది బొత్తాల పిన్ని.

వదిన తల ఎత్తకుండా లూపులు ఎక్కిస్తోంది.

"చెప్పు వదినా," అంది తిరకాసు. "పిన్ని అడుగుతోంది కదా."

అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. వదిన చాలాసేపు చూసింది. ముసలితనం వచ్చేసింది మనిషికి, కళ్ళకింద నలుపు దిగింది. చివరికి సూదులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే తిరగబడి వస్తుంది, పిన్నీ," అంది. "అద్దంలో చూస్తే తిన్నగా వస్తుంది."

"ఆ సంగతి నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అంది తిరకాసు.

ఇనప పొయ్యిలో బొగ్గు చిటపటలాడింది. ముందు కొట్టులో నుంచి ఓనరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దీన్ని ఎదురుగా కూర్చోబెట్టిన రోజు నుంచీ తెలుసు," అంది వదిన అద్దంలోకి చూస్తూనే, ఒక్కో మాటా విడిగా. "తెలిసే కూర్చోబెట్టాను. తెలిసే ఊరుకున్నాను. దీని బుర్రలో ఏ తిరకాసూ లేదు. సరేనా?"

బొత్తాల పిన్ని దారం కొరకబోయి, కొరక్కుండా అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తిరకాసు ఈ క్షణాన్ని ఎన్నిసార్లు మనసులో అల్లుకుందో లెక్కలేదు. అల్లుకున్న ప్రతిసారీ వదిన ఏడ్చేది, తల వంచుకునేది, కాళ్ళ మీద పడేది. ఇక్కడ వదిన తల వంచుకోలేదు, క్షమించమని కూడా అనలేదు. చెప్పాల్సింది చెప్పేసి మళ్ళీ సూదులు అందుకుంది. అయినా మాట బయటపడింది. ఆ నోటితోనే, ఈ గదిలోనే. చల్లగా, కడుపు నిండా అనిపించింది తిరకాసుకి. ఏడుపు కూడా వచ్చింది, మింగేసింది.

"సరేలేవే అమ్మాయ్," అంది బొత్తాల పిన్ని కొంతసేపటికి, ఎన్నడూ లేనంత మెత్తగా. "చెప్పేసింది కదా. వీపు పెట్టి కూర్చోవడం, ఈ అద్దాలూ ఎందుకు? ఇక పక్కన కూర్చోబెట్టుకో."

గదంతా తిరకాసు వంక చూసింది. వదిన కూడా చూసింది, అద్దంలోనే. ఆ చూపులో ఆశ ఉంది, ఎంత దాచుకున్నా కనబడింది. కిటికీ కుర్చీ పక్కన ఒక పీట పట్టేంత చోటు ఉంది. ఎప్పుడూ ఉంది.

"పదహారేళ్ళు అద్దంలో చూడనీ పిన్నీ," అంది తిరకాసు. "తర్వాత ఆలోచిస్తాను."

సూదులు తీసుకుంది. కుర్చీ జరపలేదు, అద్దంలో నుంచి తప్పుకోలేదు, అంత పిరికిది కాదు. వదినకి కనిపించేలానే కూర్చుని వరస మొదలుపెట్టింది. అద్దంలో వదిన ఎడమచెయ్యి తడబడుతూ, ఒక లూపు వెనకబడి, ఆ వరస వెంటే వస్తోంది. తన చేతులు తమంతట తామే నెమ్మదిస్తున్నాయేమోనని తిరకాసు ఒకసారి కిందికి చూసుకుంది. నెమ్మదించలేదు.